అమ్మమ్మే మేనత్త కూడా అయితే వంశవృక్షం ఎలా గీయాలి?

పోయిన సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిసినప్పుడు ఒక పని పెట్టుకున్నాం, మా అమ్మమ్మ పుట్టింటి వైపు వాళ్ళందర్నీ కలిపి ఒక వంశవృక్షం గీద్దామని. ఫోన్లో ఏదో యాప్ దింపుకుని కూర్చున్నాం, పైన ముత్తాత, ఆయన కింద పిల్లలు, వాళ్ళ కింద మనవలు, గంటలో అయిపోతుంది అనుకున్నాం. మూడో తరం దగ్గరే బండి ఆగిపోయింది. ఎందుకంటే మా పెద్దమ్మని వాళ్ళ సొంత మేనమామకే ఇచ్చారు, అప్పట్లో మేనరికాలు మామూలే కదా. ఇప్పుడు ఆవిడ కొడుకు, అంటే మా అన్నయ్య సంగతి చూడండి. వాడి తల్లికి తల్లి ఎవరు? మా అమ్మమ్మ. వాడి తండ్రికి అక్క ఎవరు? మళ్ళీ అదే అమ్మమ్మ. ఒకే మనిషి వాడికి అమ్మమ్మా అవుతుంది, మేనత్తా అవుతుంది. యాప్ చూస్తే అమ్మమ్మని రెండు తరాలు పైన పెడతానంటుంది, మేనత్తని ఒక్క తరం పైన పెడతానంటుంది, ఒకే మనిషిని రెండు అంతస్తుల్లో ఎలా కూర్చోబెడతాం?

కాసేపు యాప్‌ని తిట్టుకున్నాం గానీ నిజానికి అది యాప్ గొడవ కాదు. "వృక్షం" అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కు. చెట్టులో ఏ కొమ్మ అయినా ఒక్కచోట నుంచే పుడుతుంది, రెండు కొమ్మలు విడిపోయాక మళ్ళీ ఎక్కడో పైకెళ్ళి కలుసుకుని ఒకటవ్వవు. మా ఇంట్లో కలుసుకున్నాయి. మాది చెట్టు కాదు, వల. ఫిలాసఫీలో ప్రపంచాన్ని చెట్టులా చూడాలా వలలా చూడాలా అనే తగువు ఒకటి చాలా పాతది ఉంది, దాని గురించి రాసేవాళ్ళు మామూలుగా చెట్టు అంటే పెత్తనం, వల అంటే స్వేచ్ఛ అని తేల్చేసి వెళ్ళిపోతారు. నాకు అది అంత తేలిగ్గా అనిపించదు. అసలు తగువు ఇంతకంటే చాలా చిన్నది, చిన్నది కాబట్టే సూటిగా గుచ్చుకునేది.

దానికంటే ముందు "హైరార్కీ", అంటే అంతస్తుల వారీ అమరిక, అనే మాటని కాస్త విడదీయాలి, అందులో రెండు మూడు వేరే వేరే సరుకులు ఒకే సంచిలో పడున్నాయి. ఈ మాటని ప్రచారంలోకి తెచ్చింది సుమారు 500 ప్రాంతంలో డయోనీసియస్ అనే మారుపేరుతో రాసిన ఒక క్రైస్తవ రచయిత. ఆయన దేవదూతల్ని మూడు మూళ్ళు తొమ్మిది వరసల్లో నిలబెట్టి, పైవరసకి అందిన వెలుగు కిందవరసకి అంచెలంచెలుగా దిగుతుంది అన్నాడు. ఇది నిచ్చెన, ఎవరు పైన ఎవరు కింద అనే లెక్క. పెట్టెలో పెట్టె పెట్టడం వేరు. మామిడి చెట్లలోకి వస్తుంది, చెట్లు ప్రాణుల్లోకి వస్తాయి, ఇక్కడ చెట్టు కంటే మామిడి తక్కువదని ఎవరూ అనట్లేదు. పునాది మీద ఇల్లు ఇంకో రకం, ఏది దేన్ని ఆనుకుని నిలబడింది అనే లెక్క. ఈ మూడింటినీ కలగాపులగం చేసేసి "హైరార్కీ చెడ్డది" అంటే ఎవర్ని తిడుతున్నామో మనకే తెలీదు.

పెట్టెల సంగతి చూద్దాం. గ్రీకుల్లో ప్లేటోకి ఒక అలవాటుండేది, దేన్నైనా నిర్వచించాలంటే రెండుగా చీల్చుకుంటూ పోవడం. "సోఫిస్ట్" అనే సంభాషణలో గాలం వేసి చేపలు పట్టేవాణ్ణి నిర్వచించడానికి విద్యల్ని చేసేవి, సంపాదించేవి అని చీలుస్తాడు, సంపాదించేవాటిని మళ్ళీ చీలుస్తాడు, అలా చీల్చుకుంటూ చీల్చుకుంటూ చివరికి గాలం దగ్గరికొస్తాడు. దీనిమీదే ఒక పిట్టకథ ఉంది, నిజమో కాదో గానీ బాగుంటుంది. ప్లేటో మనిషంటే ఈకలు లేని రెండు కాళ్ళ జంతువు అన్నాడట, డయోజినీస్ అనే ఇంకో గ్రీకు తత్వవేత్త ఒక కోడికి ఈకలన్నీ పీకేసి పట్టుకొచ్చి ఇదిగో ప్లేటో గారి మనిషి అన్నాడట, దాంతో "వెడల్పు గోళ్ళున్న" అని ఇంకో ముక్క తగిలించాల్సి వచ్చిందట. అరిస్టాటిల్‌కే ఈ రెండుగా చీల్చే పద్ధతి నచ్చలేదు, జంతువుల మీద రాసిన పుస్తకంలో దీన్ని గట్టిగానే దులిపాడు. ఆయన బాధ ఫీల్డ్‌లో తిరిగినవాడి బాధ, గబ్బిలాన్ని ఎగిరేవాటిలో వెయ్యాలా నడిచేవాటిలో వెయ్యాలా, సీల్‌ని నేలమీదవాటిలో వెయ్యాలా నీళ్ళలోవాటిలో వెయ్యాలా, రెండింట్లోనూ సగం సగం ఉన్నాయే అని.

అయినా చెట్టు బొమ్మ మాత్రం అరిస్టాటిల్ పేరు మీదే చెలామణీ అయింది. 3వ శతాబ్దంలో పోర్ఫిరీ అని ఒకాయన అరిస్టాటిల్ తర్కానికి ఒక చిన్న పరిచయ పుస్తకం రాశాడు, అందులో ద్రవ్యం, అందులో శరీరం ఉన్నది, అందులో ప్రాణం ఉన్నది, అందులో జంతువు, అందులో బుద్ధి ఉన్నది, అందులో మనిషి, ఇలా మెట్లు దిగుతాడు. ఆయన మాటల్లోనే చెప్పాడు, తర్వాతి కాలం తర్కం పుస్తకాల్లో దీన్ని బొమ్మగా గీసి పోర్ఫిరీ చెట్టు అన్నారు, వందల ఏళ్ళు యూరప్‌లో పిల్లలు దీన్ని బట్టీ పట్టారు. కానీ ఈ చెట్టులో ఒక చీడ ఉంది, 1984లో ఉంబెర్టో ఎకో అనే ఇటాలియన్ రచయిత దాన్ని బాగా పట్టుకున్నాడు. బుద్ధి ఉన్నవాటిని పోర్ఫిరీ మళ్ళీ చావున్నవి, చావులేనివి అని చీలుస్తాడు, చావుంటే మనిషి, లేకపోతే దేవుడు. బాగానే ఉంది, మరి గుర్రం? గుర్రానికి బుద్ధి లేదు కాబట్టి అది పక్క కొమ్మలో ఉంది, కానీ గుర్రం కూడా చస్తుంది కదా. అంటే "చావున్నవి" అనే ముక్క రెండు కొమ్మల మీదా కాయాలి. ఒక ముక్క రెండు చోట్ల కాసిందంటే అది చెట్టు కాదు, అడ్డంగా ఎక్కడో తీగ పాకింది. మా అమ్మమ్మ రెండు అంతస్తుల్లో కూర్చున్నట్టే.

ఇప్పుడు మన వైపు రండి, నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే, ఇంగ్లీషులో ఈ చెట్టు-వల గొడవ మీద రాసేవాళ్ళు దాదాపు ఎవరూ దీని జోలికి రారు. న్యాయ వైశేషికుల, అంటే తర్కం మీద నడిచిన మన పాత దర్శనాల వాళ్ళ, పదార్థాల పట్టిక చాలామంది వినే ఉంటారు, సంస్కృతం చదివిన ఇళ్ళల్లో తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం ఉండేది, 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసింది, ఆయన మన ఆంధ్రదేశం వాడే. ఏడు పదార్థాలు, తొమ్మిది ద్రవ్యాలు, ఇరవై నాలుగు గుణాలు, ఐదు కర్మలు అని టకటకా లెక్క చెప్పేస్తుంది, చూస్తే అచ్చం పెట్టెలో పెట్టె. వాళ్ళ ప్రకారం ఆవులన్నిట్లో ఉండే ఆవుతనం లాంటిది "జాతి", అది మనం పెట్టుకున్న పేరు కాదు, ప్రపంచంలో నిజంగా ఉన్న వస్తువు. మరి ఏది పడితే అది జాతి అయిపోతుందా? కాదు. సుమారు వెయ్యేళ్ళ కింద మిథిల వైపు ఉదయనాచార్యుడు అనే న్యాయ పండితుడు ఆరు అడ్డంకులు చెప్పాడు, వీటిలో ఏ ఒక్కటి తగిలినా అది జాతి కాదు అని. వాటిలో మూడోదాని పేరు సంకరం.

సంకరం అంటే ఏంటో వాళ్ళ ఉదాహరణతోనే చూడండి. భూతత్వం అనే లక్షణం తీసుకోండి, అది ఉన్నవి ఐదు, నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. మూర్తత్వం అని ఇంకోటి, అంటే కొలతకి లోబడి కదలగలిగేవి, అవీ ఐదే, నేల, నీరు, నిప్పు, గాలి, మనసు. వాళ్ళ లెక్కలో మనసు అణువంత ఉండి కదులుతుంది లెండి, ఆకాశమేమో అంతటా ఉంటుంది కాబట్టి కదలడానికి చోటే లేదు. ఇప్పుడు రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టండి. నాలుగు వస్తువులు రెండింట్లోనూ ఉన్నాయి, ఆకాశం మొదటిదాంట్లో మాత్రమే ఉంది, మనసు రెండోదాంట్లో మాత్రమే ఉంది. అంటే ఒకదాంట్లో ఒకటి పూర్తిగా ఇమడలేదు, అలాగని పూర్తిగా విడిగానూ లేవు, సగం సగం ఎక్కేశాయి. ఇది సంకరం, కాబట్టి భూతత్వమూ జాతి కాదు, మూర్తత్వమూ జాతి కాదు అని తీర్పు.

చెట్టు రూల్ అంటే ఇంతే. ఏ రెండు పెట్టెలు తీసుకున్నా, ఒకటి రెండోదాంట్లో పూర్తిగా పట్టాలి, లేదంటే రెండిటికీ ముఖపరిచయమే ఉండకూడదు. సగం కలవకూడదు. మిగతా హంగులన్నీ ఈ ఒక్క రూల్ నుంచే వస్తాయి.

ఇందులో గమ్మత్తు ఏంటంటే ఉదయనుడు ప్రపంచంలో సగం కలిసేవి లేవని బుకాయించలేదు. ఉన్నాయి అన్నాడు, వాటికి ఇంకో పేరు పెట్టాడు, ఉపాధి. భూతత్వం అబద్ధమేం కాదు, మాట్లాడుకోడానికి పనికొస్తుంది, కానీ వస్తువు లోపల దాగున్న అసలు గుణం కాదు, మనం కట్టుకున్న మూట. అంటే ఉన్నదాంట్లో చెట్టు, అనుకునేదాంట్లో వల. ఇంత తెలివైన రాజీ నాకు పోర్ఫిరీలో కనపడలేదు. తర్వాత వచ్చిన నవ్య నైయాయికుల్లో, అంటే న్యాయానికి కొత్త రూపం ఇచ్చిన తార్కికుల్లో, కొందరు అసలు సంకరం వస్తే జాతి ఎందుకు కాకూడదు, దానికి ఆధారం ఏంటి అని అడిగారు కూడా, మంచి ప్రశ్నే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. జాతి, సంకరం, ఈ రెండు మాటలూ వినగానే మన చెవిలో ఇంకో అర్థం మోగుతుంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు భయపడేది వర్ణసంకరం గురించే. తర్కంలో రూల్ కులంలో నుంచి ఊడిపడింది అని నేననట్లేదు, అలా నిరూపించడం ఎవరికైనా కష్టం. కానీ పెట్టెలు సగం కలిస్తే తప్పు అనే మాటకి తర్కంలోనూ సమాజంలోనూ ఒకటే పేరు ఉన్నప్పుడు, అదేదో ఊరికే అలా కుదిరింది అని తోసెయ్యబుద్ధి కూడా కాదు. రెండు పెట్టెల్లో సగం సగం ఉన్నవాణ్ణి తర్కం ఉపాధి అని వదిలేసింది, ఊరు అలా వదిలెయ్యలేదు.

సరే, 1965కి వద్దాం. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్ట్ "నగరం చెట్టు కాదు" అని ఒక వ్యాసం రాశాడు, అందులో చెట్టుకి ఇచ్చిన నిర్వచనం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, అక్షరాలా ఉదయనుడి సంకరం రూలే. ఏ రెండు సమూహాలు తీసుకున్నా ఒకటి ఇంకోదాంట్లో ఉండాలి లేదా బొత్తిగా వేరుగా ఉండాలి, అలా ఉంటే చెట్టు. కాకపోతే ఈయన దాన్ని తలకిందులు చేశాడు, బతికున్న ఊరు ఎప్పుడూ ఆ రూల్ తప్పుతుంది, తప్పడమే దాని ప్రాణం అన్నాడు. ఆయన చెప్పిన ఉదాహరణ బర్క్‌లీలో ఒక మలుపు, అక్కడ మందుల షాపు ఉంది, షాపు గుమ్మం దగ్గర పేపర్ల స్టాండు ఉంది, ఎదురుగా ట్రాఫిక్ సిగ్నల్ ఉంది. ఎర్రలైటు పడితే జనం ఆగుతారు, ఊరికే నిలబడలేక పేపర్ల వైపు చూస్తారు, కొందరు అక్కడికక్కడే కొంటారు కూడా. ఇప్పుడా ఫుట్‌పాత్ ముక్క షాపు లోకి వస్తుందా, సిగ్నల్ లోకి వస్తుందా? రెండింట్లోకీ వస్తుంది. మనకైతే బస్టాపు, పక్కన టీకొట్టు, బస్సు ఎంత లేటయితే టీ అంత ఎక్కువ అమ్ముడుపోతుంది, బస్టాపు ఆర్టీసీది, టీకొట్టు ఇంకెవరిదో, ప్లాన్ కాగితం మీద రెండిటికీ సంబంధమే ఉండదు.

ఆయన ఇంకో లెక్క చెప్పాడు, అది నాకు బుర్రలోంచి పోవట్లేదు. 20 వస్తువులుంటే, చెట్టు రూల్ పాటిస్తూ వాటిని కలిపి కట్టగలిగే గుంపులు మహా అయితే 19. సగం కలవనిస్తే అవే 20 వస్తువుల్లో పది లక్షలకి పైగా గుంపులు కట్టొచ్చు. 19 ఎక్కడ, పది లక్షలెక్కడ! ప్లాన్ గీసి కట్టిన ఊళ్ళలో చండీగఢ్‌ని కూడా ఆయన చెట్ల లిస్టులోనే వేశాడు, సెక్టార్లుగా కోసి పెట్టిన ఊరు కదా. మరి తెలివైనవాళ్ళు కూడా ఎందుకు చెట్లే గీస్తారు అంటే, మన బుర్ర ఒకేసారి పది లక్షల గుంపుల్ని పట్టుకోలేదు, 19 అయితే పట్టుకుంటుంది. అంటే చెట్టు అనేది ఊళ్ళో లేదు, ప్లానర్ బుర్రలో ఉంది. ఉదయనుడిది దీనికి సరిగ్గా ఎదురు, చెట్టు లోకంలో ఉంది, వల మన మాటల్లో ఉంది. రూల్ ఒకటే, వెయ్యేళ్ళ తేడాతో తీర్పు అటుదిటు అయింది.

ఇక ఈ టాపిక్ ఎత్తగానే అందరికీ గుర్తొచ్చే ఫ్రెంచి ఆలోచనాపరులు డెలూజ్, గ్వాటరీల దగ్గరికి వెళ్దాం. 1980లో ఇద్దరూ కలిసి రాసిన పెద్ద పుస్తకం మొదటి అధ్యాయంలో రైజోమ్ అనే మాట తెచ్చారు, దాన్ని 1976లోనే విడిగా అచ్చేశారు కూడా. రైజోమ్ అంటే ఏదో అనుకోకండి, మన పసుపు, అల్లం, అవే. చెట్టుకి ఉండేది కొమ్మ, పసుపుకి ఉండేది కొమ్ము, తెలుగులో తేడా ఒక్క అక్షరమే గానీ పెరిగే తీరు బొత్తిగా వేరు. మామిడికొమ్మ నరికేస్తే కొమ్మ పోయినట్టే, పసుపు కొమ్ముని విరిచి ఏ ముక్క పాతినా అది మొలుస్తుంది, ఏది మొదలు ఏది చివర అని అడిగితే చెప్పలేం. దుగ్గిరాల వైపో నిజామాబాద్ వైపో పసుపు వేసే రైతుకి ఈ ఇద్దరి ఫిలాసఫీలో సగం ఊరికే అర్థమైపోతుంది. వాళ్ళు చెప్పేది కూడా అదే, ఏ బిందువు నుంచి ఏ బిందువుకైనా దారి ఉంటుంది, ఎక్కడ తెంపినా ఇంకో చోట నుంచి పాకుతుంది, చీమల్ని వదిలించుకోలేకపోవడం కూడా అందుకే అంటారు. ఇదంతా గాల్లోంచి రాలేదు. గ్వాటరీ లా బోర్డ్ అనే మానసిక చికిత్సాలయంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు, అక్కడ పనుల్ని ఒకరి నుంచి ఒకరికి మారుస్తూ ఉండేవాళ్ళు, వైద్యం చేసేవాళ్ళు గిన్నెలూ కడగాలి, వంట చేసేవాళ్ళూ రోగులతో కూర్చోవాలి. దానికితోడు 1968 మే నెలలో విద్యార్థులూ కార్మికులూ తిరగబడ్డప్పుడు పారిస్ వీధులు చూసినవాళ్ళు, పార్టీలూ పైనుంచి వచ్చే లైన్లూ అంటే ఒళ్ళు మండిపోయి ఉన్నవాళ్ళు.

వాళ్ళతో నాకు పేచీ ఉంది మాత్రం ఒక్కచోట. చెట్టు పశ్చిమాన్ని ఏలింది, తూర్పు సంగతి వేరు అన్నట్టు రాస్తారు. ఉదయనుడి సంకరం రూల్ కంటే గట్టి చెట్టు వాళ్ళ పోర్ఫిరీ దగ్గరే లేదు, తూర్పంటే ఏదో తోటల్లో గడ్డిలా పాకుతూ ఆలోచిస్తారు అనుకోవడం పొగడ్తలా వినపడుతుంది గానీ చదవకపోవడమే. ఇంకోటి, చెట్టంటే ఒకే మొదలు ఉండాలని ఎవరన్నారు? కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్ళకి తెలుస్తుంది, నాలుగెకరాలు దాటి పాకింది, ఊడలు దిగి ఒక్కో ఊడా ఒక్కో మాను అయిపోయింది, 1989లో గిన్నిస్ వాళ్ళు రాసుకెళ్ళారు. దాని కింద నిలబడి అసలు మొదలు ఏది అని వెతకడం మొదలెడితే పొద్దు గూకుతుంది. గీతలో పదిహేనో అధ్యాయం అశ్వత్థం కూడా అలాంటిదే, వేళ్ళు పైకి కొమ్మలు కిందకి అని మొదలుపెట్టి, వెంటనే కిందకి కూడా వేళ్ళు పాకాయి, దీని మొదలూ చివరా ఇక్కడ ఎవరికీ చిక్కవు అంటుంది. చెట్టు బొమ్మ తీసుకున్నంత మాత్రాన చెట్టు రూల్ పాటించాలని లేదన్నమాట. వాళ్ళని వెనకేసుకొచ్చి ఒకమాట చెప్పాలి, చెట్ల లోపల రైజోమ్‌లు మొలుస్తాయి, రైజోమ్‌లలో చెట్ల ముడులు పడతాయి అని వాళ్ళే రాశారు, చదివినవాళ్ళు ఆ లైన్ దాటేసి చెట్టు చెడ్డ రైజోమ్ మంచి అని టీషర్టు స్లోగన్ చేసుకున్నారు.

పునాది లెక్కలో కూడా ఇదే కథ, కొంచెం త్వరగా చెప్తా. 1647లో డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త ఫిలాసఫీ మొత్తం ఒక చెట్టు అన్నాడు, వేళ్ళు మెటాఫిజిక్స్ (అసలు ఉన్నదేంటి అనే విచారణ), మాను ఫిజిక్స్, కొమ్మలు వైద్యం, యంత్రశాస్త్రం, నీతి. వేరు గట్టిదైతే కాయలు గట్టివి. 20వ శతాబ్దంలో నాయ్‌రాత్ అనే ఆస్ట్రియా తత్వవేత్త అన్నాడు, లేదయ్యా, మనం నడిసముద్రంలో పడవలో ఉన్నాం, ఒడ్డుకి లాగి అడుగు నుంచి కొత్తగా కట్టుకునే వీల్లేదు, నీళ్ళ మీదే ఒక్కో చెక్కా మార్చుకుంటూ పోవాలి అని. 1951లో క్వైన్ అనే అమెరికన్ తత్వవేత్త మన జ్ఞానం మొత్తాన్ని మనుషులు నేసిన గుడ్డ అన్నాడు, అనుభవం అంచుల దగ్గర మాత్రమే తగులుతుంది, ఎక్కడైనా లాగితే ఎక్కడైనా సర్దుకోవచ్చు. ఇది వల ఆలోచనే, కానీ గమనించండి, క్వైన్ గుడ్డలో కూడా నడుముంది, అంచుంది. తర్కం, లెక్కలు నడుమ ఉంటాయి, వాటిని కదిపితే గుడ్డంతా కదులుతుంది కాబట్టి చివరిదాకా కదపం. అంచున ఉన్న "బయట వాన పడుతోంది" లాంటివి ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకుంటాం. పై కింద పోయి లోపల బయట వచ్చింది, వరస మాత్రం ఉండనే ఉంది.

వల ఆలోచనకి ఉన్న అసలు జబ్బు ఏంటో బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు ఎప్పుడో చెప్పాడు. విగ్రహవ్యావర్తని అనే పుస్తకంలో ఆయన నైయాయికుల్ని అడుగుతాడు, ప్రమాణాల్ని, అంటే తెలుసుకునే సాధనాల్ని, దేంతో నిరూపిస్తారు? ఇంకో ప్రమాణంతో అంటే దానికి ఇంకోటి కావాలి, అంతుండదు. పోనీ తెలుసుకునే వస్తువులతో అంటే, ఆ వస్తువుల్ని తెలుసుకోడానికి మళ్ళీ ప్రమాణం కావాలి. కొడుకుని పుట్టించింది తండ్రి, ఆ తండ్రిని పుట్టించింది ఈ కొడుకే అంటే, ఇందులో ఎవరు ఎవర్ని పుట్టించినట్టు చెప్పు అంటాడు. ఒకదాన్నొకటి మోసుకోవడం బాగానే ఉంటుంది గానీ మొత్తం కలిపి దేనిమీద నిలబడింది? మనకిది రోజూ కనపడే రోగమే. ఫ్యామిలీ గ్రూపులో తిరిగే కుట్ర సిద్ధాంతం ఒకటి తీసుకోండి, లోపల ముక్కకి ముక్క భలే అతుకుతుంది, డాక్టర్లు కాదంటే వాళ్ళూ కుట్రలో ఉన్నారు, పేపర్లు రాయకపోతే దాచేస్తున్నారు, ప్రతి ముడీ ఇంకో ముడిని పట్టుకుని ఉంటుంది. వల ఎంత బిగువుగా ఉందో చూస్తే అదే గెలవాలి. ఒడ్డున ఏదో ఒక గుంజకి కట్టి ఉందా లేదా అన్నది వలని చూస్తే తెలీదు.

జీవశాస్త్రంలో మాత్రం నాకు పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. చెట్టంటే పెత్తనం అనేవాళ్ళు డార్విన్ దగ్గర ఆగి చూడాలి. అంతకుముందు యూరప్‌లో ఉన్నది నిచ్చెన, రాయి, మొక్క, జంతువు, మనిషి, దేవదూత, మెట్టు మీద మెట్టు. ప్రాణులకి పేర్లు పెట్టి వర్గీకరించిన లిన్నేయస్ 1735 నుంచీ పెట్టెలు సర్దుకుంటూ వచ్చాడు, తిమింగలాన్ని చేపల్లో వేసి, 1758 ఎడిషన్‌లో గానీ క్షీరదాల్లోకి మార్చలేదు. 1837లో డార్విన్ నోట్‌బుక్‌లో "నేననుకోవడం" అని రాసి కింద ఒక పిచ్చి చెట్టు గీశాడు, పరిణామం మీద వేసిన 1859 పుస్తకంలో ఉన్న ఒకే ఒక్క బొమ్మ కూడా కొమ్మలదే. ఆ చెట్టు చేసిన పని నిచ్చెనని విరగ్గొట్టడం. ఈ రోజు బతికున్న ప్రతి ప్రాణీ ఏదో ఒక కొమ్మ చివరే ఉంది, బొద్దింకా అంతే నువ్వూ అంతే, ఎవడూ ఎవడికీ పైమెట్టు కాదు. ఎక్కువ తక్కువ అనే మాటలు వాడకూడదని తను చదువుతున్న వేరొకరి పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నాడు కూడా. అంటే ఇక్కడ చెట్టు సమానత్వం వైపు, నిచ్చెన పెత్తనం వైపు. మొదట్లో ఆ సంచిని విప్పమన్నది ఇందుకే.

తర్వాత ఆ చెట్టుకీ తీగలు పాకాయి. మన కణాల్లో ఉండి వాటికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా తిరిగిన బాక్టీరియా అని 1967లో లిన్ మార్గులిస్ అనే జీవశాస్త్రవేత్త వాదించింది, ఇప్పుడది పాఠ్యపుస్తకాల్లో ఉంది. మన జీనోమ్‌లో సుమారు 8 శాతం పాత వైరస్‌లు వదిలివెళ్ళిన ముక్కలు. బాక్టీరియాలైతే జీన్లని పక్కింటికి చక్కెర ఇచ్చినట్టు ఇచ్చేసుకుంటాయి, 1999 నాటికి ఫోర్డ్ డూలిటిల్ లాంటి జీవశాస్త్రవేత్తలు అడుగుభాగంలో చెట్టు బొమ్మే పనికిరాదు అన్నారు. అంటు మామిడి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేం లేదు, వేరు నాటుమామిడిది, కాయ బంగినపల్లిది, ఆ చెట్టు ఎవరి బిడ్డ అంటే ఏం చెప్తాం.

అయితే వలే నిజం, చెట్టు భ్రమ అని తేల్చేద్దామా అంటే హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అడ్డమొస్తాడు. 1962లో ఆయన ఇద్దరు గడియారాలు చేసేవాళ్ళ కథ చెప్పాడు. ఇద్దరి గడియారాల్లోనూ వెయ్యేసి ముక్కలు. ఒకడు వెయ్యీ ఒకటే దండగా కూర్చుతాడు, మధ్యలో ఫోన్ మోగి చేతిలోది కింద పెడితే మొత్తం ఊడిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి. రెండోవాడు పదేసి ముక్కల చిన్న కట్టలు కట్టి, పది కట్టలు కలిపి ఇంకో కట్ట, అలా చేస్తాడు, ఫోన్ మోగితే పోయేది ఒక్క చిన్న కట్టే. ముక్క అతికించిన ప్రతిసారీ నూటికి ఒక్కసారి ఆటంకం వస్తుందనుకున్నా మొదటివాడికి సుమారు 4000 రెట్లు ఎక్కువ టైం పడుతుంది. ప్రకృతిలో కణం, అవయవం, శరీరం అని కట్టలు కట్టలుగా ఎందుకు కనపడుతుందంటే, దేవుడికి పెత్తనం ఇష్టమని కాదు, మధ్యలో ఫోన్లు మోగుతూ ఉంటాయి కాబట్టి అలా కట్టినవే మిగిలాయి.

ఇంకోపక్క, నాయకుడు లేడు అందరం సమానమే అనుకునే గుంపుల్లో ఏం జరుగుతుందో 1970ల మొదట్లో జో ఫ్రీమన్ రాసింది, అమెరికా స్త్రీవాద బృందాల్లో తను చూసిందే. పైకి పదవులేం ఉండవు, లోపల స్నేహాల ముఠా ఒకటి నడిపిస్తూ ఉంటుంది, పదవి లేదు కాబట్టి వాళ్ళని దింపే దారీ లేదు. ఏ వాట్సాప్ గ్రూపులో ఉన్నా ఇది మీకు తెలిసిందే. ఇంటర్నెట్ సంగతీ అంతే, మొదట్లో యాహూ డైరెక్టరీ సైట్లన్నిట్నీ చెట్టులా సర్దింది, కొన్ని రెండు చోట్ల ఉండాల్సొచ్చేసరికి పేరు చివర ఒక గుర్తు తగిలించి ఇది అసలు వేరే కొమ్మలోది అని చెప్పుకొచ్చింది. 1998లో గూగుల్ వచ్చి చెట్టు తీసి పారేసి, ఎవరు ఎవరికి లింక్ ఇచ్చారు అనే వలని ముఖ్యంగా చూసింది. ఆ వల నుంచి చివరికి ఏం తయారు చేసింది? ఒకటి, రెండు, మూడు అని ర్యాంకుల లిస్టు. నిచ్చెన!

మా యాప్‌లో ఆఖరికి మేమూ ఆ యాహూ పనే చేశాం, అమ్మమ్మకి రెండు గడులు గీసి, రెండోదాని పక్కన చుక్క గుర్తు పెట్టి, ఇదీ అదే మనిషి అని కింద రాశాం. ప్రింటు తీయించి చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండు గడులూ వేలితో తడిమింది. "చుక్క ఉన్నది నేనా, లేనిది నేనా?" అంది. అన్నయ్య రెండూ నువ్వే అమ్మమ్మా అన్నాడు. "అయితే మేనత్త కట్నం ఇంకా బాకీ ఉన్నావురా నువ్వు, నీ పెళ్ళిలో అమ్మమ్మననే ఒక్క చీరతో సరిపెట్టావు" అంది.